సవరణ: సొంత మైదానంలో ఫేవరెట్, రన్ లైన్

బేస్‌బాల్‌లో ఫేవరెట్ (గెలుస్తుందని ఎక్కువగా అనుకునే జట్టు) మీద పందెం గురించి మొన్న రాసిన పోస్టులో ఒక మాట తప్పు. సొంత మైదానంలో ఆడే ఫేవరెట్‌కు చివరి బ్యాటింగ్ ఉంటుంది కాబట్టి మనీ లైన్ పందెం కంటే రన్ లైన్ పందెమే మేలని రాశాను. నిజానికి ఆ చివరి బ్యాటింగే రన్ లైన్‌కు అడ్డం.

మనీ లైన్‌లో జట్టు గెలిస్తే చాలు. రన్ లైన్ −1.5 అంటే కనీసం 2 పరుగుల తేడా కావాలి. మేజర్ లీగ్ నియమాల ప్రకారం, 9వ ఇన్నింగ్స్‌లో బయటి జట్టు ఆడేశాక సొంత జట్టు ముందుంటే ఇక బ్యాటింగే చేయదు. అదే 9వ ఇన్నింగ్స్‌లో 4-4 దగ్గర సొంత జట్టు బ్యాటింగ్ చేస్తూ, మూడో బేస్‌లో రన్నర్ ఉండగా సింగిల్ (బ్యాటర్ మొదటి బేస్ చేరే దెబ్బ) పడిందనుకోండి. ఆట అక్కడే ఆగుతుంది, 5-4. మనీ లైన్ వాళ్లకు డబ్బులొస్తాయి, రన్ లైన్ వాళ్లు చప్పట్లు కొట్టి ఊరుకోవాలి. హోమ్ రన్ (బంతిని మైదానం కంచె దాటించే దెబ్బ) అయితే మాత్రం బేస్‌ల మీదున్న వాళ్లందరి పరుగులూ లెక్కకు వస్తాయి. బయటి జట్టుకు ఈ ఇబ్బంది లేదు.

క్రికెట్‌లో లక్ష్యం దాటగానే ఆట ఆగిపోవడం రోజూ చూస్తూ కూడా నాకిది తట్టలేదు, పొరపాటు నాదే. ఆ పోస్టులో మనీ లైన్ ధర గురించి రాసిన, −150 అంటే 100 గెలవడానికి 150 పెట్టాలన్న లెక్క మాత్రం సరైనదే.