పురుగుకు తొందర నేర్పింది మనమే

డిసెంబరులో మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు ఏ పత్తి చేలోకైనా వెళ్లి పచ్చికాయ ఒకటి తెంపి చీల్చి చూడండి. పైకి కాయ నిగనిగలాడుతుంటుంది. లోపల ఒక పక్క దూది తెల్లగా ఉంటే, ఇంకో పక్క నల్లబడి, గింజను తొలుస్తూ గులాబీ పురుగు కనబడుతుంది. అది బీటీ పత్తి, అంటే మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చి, పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా చేసిన పత్తి. దాన్ని చంపాల్సిన విషం ఆ కాయలోనే ఉంది. అయినా తిని బతికింది.

జీవపరిణామం అంటే రాళ్లలో ఎముకల కథ అనుకుంటాం. మా తాలూకాలో అలా అనుకోవడం సహజం కూడా. ఇక్కడి పోచంపల్లి దగ్గర దొరికిన సుమారు 300 ఎముకలను బట్టే 1975లో బరపాసారస్ అనే రాక్షసబల్లికి పేరు పెట్టారు. సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్ల కిందటి మాట అది. అంత నిదానంగా సాగే పని మా చేలో పదేళ్లలో ఎలా అయిపోయింది?

ఏళ్లు లెక్కపెడితే అర్థం కాదు, తరాలు లెక్కపెట్టాలి. పరిణామ వేగాన్ని ఏళ్లతో కొలిచే ‘డార్విన్’ అనే ప్రమాణాన్ని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త సూచించారు. తర్వాత తరాలతో కొలిచే ప్రమాణం వచ్చినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. (మా పోచంపల్లి రాక్షసబల్లి ఎముకలు తవ్విన కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన కొన్నేళ్లు పనిచేశారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ వైద్య కళాశాలకు ఇచ్చారు.) గులాబీ పురుగుకు నెలా నెలన్నరకో తరం. నీళ్లున్నాయి కదా అని చేనును మార్చి దాకా ఉంచితే ఇంకో రెండు తరాలు దాని చేతికిచ్చినట్టే.

అయితే తరాలొక్కటే కాదు. మన దేశంలో బీటీ పత్తి 2002లో వచ్చింది, రెండు రకాల విషాల జన్యువులున్నది 2006లో. 2010 నాటికే గుజరాత్‌లో పురుగు మొదటి విషాన్ని తట్టుకుంది, తర్వాత కొన్నేళ్లకే రెండోదాన్నీ. అమెరికాలోని అరిజోనాలో అదే పత్తిని 1996 నుంచి వేశారు. అక్కడ పదేళ్లు దాటినా అదే పురుగు బీటీకి లొంగే ఉంది. తర్వాత పిల్లలు పుట్టకుండా చేసిన రెక్కల పురుగులను కోట్లలో వదిలి, 2018కల్లా అక్కడి పత్తిలో దాన్ని లేకుండా చేశారు.

తేడా ఎక్కడొచ్చిందంటే, అక్కడి రైతులు చేను పక్కన మామూలు పత్తి కూడా వేశారు. విషం తిని బతికే పురుగు వేలల్లో ఒకటి. పక్కన మామూలు పత్తి ఉంటే అందులోంచి వచ్చే వేల మామూలు పురుగుల్లో ఒకదానితో అది జతకడుతుంది. పిల్లలకు తట్టుకునే జన్యువు ఒక వైపు నుంచే వస్తుంది, కాబట్టి వాటిలో ఎక్కువ భాగం బీటీ తింటే చస్తాయి. మామూలు పత్తి లేకపోతే బతికినవి బతికినవాటితోనే జతకడతాయి. ఇక ఆపేదెవరు?

మనకూ ఆ ఏర్పాటు ఉండేది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్-బీటీ ప్యాకెట్ వచ్చేది. మా ఇంట్లో అది కిటికీ దగ్గర పడి ఉండి, చివరికి ఎలుకల పాలయ్యేది. మా నాన్నను తప్పుపట్టలేను. ఎకరానికి ఇంత అని కౌలు కట్టేవాడు పురుగు మేతకు ఐదు వరుసలు ఎందుకు వదులుతాడు? ఎందుకు వదలాలో తెలుగులో కూర్చుని చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆ వరుసల నష్టం కట్టిస్తామన్నవాళ్లు అసలే లేరు. ఈ మధ్య రెండు విత్తనాలూ కలిపే ఇస్తున్నారు. ఆ పని మొదట్లోనే చేయాల్సింది.

పత్తి కాయనే తినే శనగపచ్చ పురుగు కథ వేరు. దానికి కంది, శనగ, టమాటా ఏదైనా ఒకటే. బీటీ లేని తిండి చుట్టూ ఉండబట్టి అది ఇంకా చాలావరకు బీటీకి లొంగుతోంది. గులాబీ పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది. అందుకే చేనంతా బీటీ అయినప్పుడు దానికి మారడమో చావడమో తప్ప దారి లేకపోయింది.

ఇప్పుడు కూడా మా వీధిలో ప్రతి ఇంటి గోడకూ పత్తికట్టె మోపులు ఆనించి ఉన్నాయి, పొయ్యిలోకి. ఎండిపోయి విచ్చని కాయలు వాటికే వేలాడుతున్నాయి. రెండు గింజలు అంటుకుని ఉన్నచోట విప్పి చూస్తే, మధ్యలో ముడుచుకుని పురుగు, జూన్ వాన కోసం.