కాల్షియం పట్టు ఎంత గట్టిది?

విషయం: చక్కెరలతో లోహ అయాన్ల (విద్యుదావేశం ఉన్న లోహ పరమాణువుల) బంధం పట్టించుకోదగినదేనా?

అధ్యాపకురాలు: పట్టించుకునేంత బంధం ఎక్కడుంది, ఇంజనీరు గారూ? నీటిలో కాల్షియం అయాన్ చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి. లీటరుకు దాదాపు 55 మోల్‌ల నీరు! ఏ విద్యుదావేశమూ లేని గ్లూకోజ్ వాటిని తోసుకుని లోపలికి ఎలా వస్తుంది?

ఇంజనీరు: ఒక్క గ్లూకోజ్‌ను చూసి చక్కెరలన్నిటికీ తీర్పు చెప్పేశారు, మేడమ్. ఆస్ట్రేలియాలో రసాయన శాస్త్రవేత్త స్టీఫెన్ ఆంగ్యాల్ చూపినదేమిటి? చక్కెర అణువులోని ఆరు మూలల వలయంలో వరుసగా మూడు హైడ్రాక్సిల్‌లు (OH గుంపులు) నిలువుగా, అడ్డంగా, మళ్లీ నిలువుగా ఉంటే కాల్షియం మూడింటినీ ఒకేసారి అందుకుంటుంది. రైబోజ్‌కు ఒక రూపంలో ఆ అమరిక ఉంది. గ్లూకోజ్‌కు లేదు.

అధ్యాపకురాలు: అయాన్ కూడా సరిపోవాలి కదా. 72 పికోమీటర్ల వ్యాసార్ధం ఉన్న మెగ్నీషియం అక్కడ చిన్నదైపోతుంది. సోడియం 102, కాల్షియం 100. కొలత కలిసినా సోడియానికి ఒక్కటే ఆవేశం, పట్టు తక్కువ. ఇన్ని షరతులు పెట్టేది కూడా ఒక బంధమేనా?

ఇంజనీరు: దాని మీదే కర్మాగారాలు నడుస్తున్నాయి! మొక్కజొన్న సిరప్‌లో ఎంజైమ్ గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మారుస్తుంది, 42 శాతం దగ్గర ఆపుతారు. శీతల పానీయాలకు 55 శాతం కావాలి. కాల్షియం నింపిన రెజిన్ (అయాన్లను పట్టి ఉంచే సన్న ప్లాస్టిక్ పూసల) స్తంభంలోకి పంపితే గ్లూకోజ్ ముందు జారిపోతుంది, కాల్షియం పట్టుకోవడంతో ఫ్రక్టోజ్ వెనకబడుతుంది. దాదాపు 90 శాతం ఫ్రక్టోజ్ ఉన్న ఆ భాగాన్ని తీసి 42 శాతం సిరప్‌తో కలుపుతారు. చక్కెర ఆల్కహాళ్లదీ అదే దారి: మానిటాల్ ముందు, సార్బిటాల్ తరువాత.

అధ్యాపకురాలు: చివరికి ఫ్రక్టోజ్ కూడా బయటికి వచ్చేస్తోందిగా! పట్టు లేదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇంజనీరు: రావాలనే కదా నా ఆశ! గట్టిగా అంటుకుంటే విడిపించడానికి ఆమ్లమో ఉప్పో పోయాలి, రెజిన్‌లో మళ్లీ కాల్షియం నింపాలి. ఇప్పుడు ఉత్త నీరు చాలు. క్షారం కలిపితే హైడ్రాక్సిల్ ప్రోటాన్ వదిలి లోహాన్ని బిగించి పట్టుకుంటుంది, నిజమే. కానీ ఆ క్షారంలో ఫ్రక్టోజ్ రంగు మారి పాడవుతుంది.

అధ్యాపకురాలు: ఉత్త నీరట! అది సిరప్‌ను పలచన చేస్తే మరిగించి ఆవిరి చేసే ఖర్చు ఎవరి ఖాతాలో? పైగా మీ ఎంజైమ్‌కు మెగ్నీషియం కావాలి, కాల్షియం గిట్టదు.

ఇంజనీరు: అందుకే ఎంజైమ్ దశ ముందు, కాల్షియం స్తంభం తరువాత. ఆవిరి ఖర్చు కాదనను. అది తగ్గించడానికే స్తంభాలను వలయంగా కలిపి, సిరప్, నీరు పోసే చోట్లను కవాటాలతో ఆపకుండా మారుస్తూ ఉంటారు.

అధ్యాపకురాలు: అయితే నెగ్గింది కవాటాలే, మీ బంధం కాదు.