ఫోన్ ఉంటే చాలు, భాష బతికినట్టేనా?

"భాషల్ని కాపాడ్డానికి భాషాశాస్త్రం చదివినవాళ్లు అక్కర్లేదు. ఊళ్లో కుర్రాడికి ఫోన్ ఇచ్చి ముసలివాళ్ల మాటలు రికార్డ్ చేయిస్తే చాలు. రాసే పని ఏఐ చూసుకుంటుంది. కుర్ర పరిశోధకులకి ఏళ్లతరబడి ఫీల్డ్‌వర్క్ నేర్పించడం దండగ." తెగ షేరవుతున్న మాట ఇది.

ఫోన్ విషయంలో పేచీ లేదు. శబ్దాన్ని కుదించకుండా దాచే డబ్ల్యూఏవీ ఫైలుగా తీసి, మైకు నోటికి దగ్గరగా పెట్టి, వాట్సాప్‌లో కాకుండా హార్డ్‌డిస్కులో దాస్తే బాగానే పనికొస్తుంది. ఇది ఒక పూటలో నేర్పేయొచ్చు.

అసలు తిరకాసు ఏఐ దగ్గరే. 2023లో మెటా సంస్థ 1,100కు పైగా భాషల్లో మాటల్ని అక్షరాల్లోకి మార్చే మోడల్ విడుదల చేసింది. గొప్ప పనే. కానీ దానికి ఎక్కువగా వాడినవి బైబిల్ కొత్త నిబంధన చదివిన రికార్డింగులు. అంటే అంతకుముందే ఎవరో ఆ భాషలు నేర్చుకుని, లిపి కుదిర్చి, అనువాదం చేసి పెట్టారన్నమాట. పైగా ఒక్క గొంతు నిదానంగా చదవడం వేరు, సంతలో నలుగురు ఒకేసారి మాట్లాడుకోవడం వేరు.

అరకు, ఒడిశాలోని కోరాపుట్ వైపు మాట్లాడే 'కొండ' అనే భాషనే తీసుకోండి. దీన్నే కూబి అని కూడా అంటారు. 1969లో అచ్చయిన, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన ఈ భాష వ్యాకరణం చూస్తే ఇందులో ర వేరు, ఱ వేరు, గొంతు కంపించకుండా పలికే మరో ఱ వేరు. మన తెలుగు చెవికి మూడూ ఒకటే. చెవికి తర్ఫీదు లేనివాడు మూడింటికీ ఒకే అక్షరం రాస్తాడు. ఆ రాతలు చూసి నేర్చుకున్న యంత్రం అదే తప్పును ఇంకా జోరుగా చేస్తుంది.

"పెద్దవాళ్లని అడిగితే వాళ్లే చెప్తారు" అంటారు. ఎలా అడగాలో? తెలుగులో అడిగితే, తెలుగూ వచ్చిన పెద్దాయన మర్యాదకో, తొందర్లోనో తెలుగు మాటే తిప్పి చెప్తాడు. పని తెలిసినవాడు విత్తనాలు చల్లే వీడియోని శబ్దం తీసేసి చూపించి, "ఏం చేస్తున్నారో మీ మనవడికి చెప్పు తాతా" అని పక్కకి జరుగుతాడు.

భాష పేరే చిక్కు పెట్టొచ్చు. కోరాపుట్‌లో గదబలనే పేరు రెండు జనాలకి ఉంది. ఒకరిది గుతోబ్, తెలుగుతో చుట్టరికం లేని ముండా కుటుంబపు భాష. ఇంకొకరిది ఒల్లారి, ద్రావిడ భాష, మనకి దూరపు చుట్టం. ఫైలు మీద ఉత్తి 'గదబ' అని రాసి పెడితే, ఇరవై ఏళ్ల తర్వాత తెరిచినవాడు తల బాదుకోవాల్సిందే.

ఇక ఊరి కుర్రాడు. ఈ పని అతనే చేయాలని నేనూ అంటాను, బయటివాడికి దొరకని మాట అతనికి దొరుకుతుంది. అందుకే నేర్పాల్సింది అతనికి. తాత కథ మధ్యలో పక్కింటి భూమి తగాదా వస్తుంది. యూట్యూబ్‌లో పెట్టే ముందు ఎవర్ని అడగాలి, ఏ ముక్క మూసి ఉంచాలి? భాష వచ్చినంత మాత్రాన ఇవి తెలియవు. గంట రికార్డింగును రాసి, మాటమాటకీ అర్థం చెప్పి, పెద్దవాళ్ల దగ్గర సరిచూసుకోవడానికి పదుల గంటలు పడుతుంది. ఆ గంటలకి కుర్రాడికి కూలి ఎవరిస్తారో షేర్ చేసేవాళ్లు ఒక్కరూ రాయలేదు.