రెండు దశాంశాల దొరగారికి

వస్తువుని దవడల మధ్య పట్టి, దాని కొలతని తెర మీద అంకెల్లో చూపించే డిజిటల్ కాలిపర్ దొరగారూ, నమస్కారం.

కాగితానికి నూనె మరకలు అంటితే ఏమీ అనుకోకండి. చేతులు కడుక్కొచ్చి రాద్దామనుకున్నాను గానీ ఈలోగా కోపం చల్లారిపోతుందేమోనని ఇలాగే కూర్చున్నాను.

పోయిన వారం సంగతి మీకు గుర్తుండదు, ఎందుకంటే మీకేదీ గుర్తుండదు, సున్నా బటన్ నొక్కితే చాలు పూర్వజన్మ మొత్తం మర్చిపోతారు. 25 మిల్లీమీటర్ల బోర్, అంటే మధ్య రంధ్రం, ఉన్న బేరింగ్‌లో పట్టేలా లేత్ మీద షాఫ్ట్‌ని తిప్పుతూ చెక్కుతున్నాను. మీరు 25.00 అన్నారు. మురిసిపోయాను. తీరా బేరింగ్ తొడగబోతే అది షాఫ్ట్ మొదట్లోనే మొండికేసింది. మళ్ళీ కొలిచాను, మళ్ళీ 25.00. సరే, తప్పు బేరింగ్‌దే అని తేల్చేసి సుత్తి అందుకున్నాను. ఆ తర్వాత జరిగింది రాయను, పరువు పోతుంది. చివరికి మీకంటే కచ్చితంగా కొలిచే మైక్రోమీటర్ పెట్టి చూస్తే 25.04.

ఆ నాలుగు వందో వంతులు ఎక్కడ దాచారా అని చూస్తే, పొద్దున్న మీ దవడల మధ్య కంటికి ఆనని ఇనుప రజను ఇరుక్కుని ఉంటే, నేను తుడవకుండానే సున్నా బటన్ నొక్కాను. మీరు కిక్కురుమనకుండా "సున్నా" అన్నారు. ఆ తర్వాత రజను రాలిపోయింది, దాని మందం మాత్రం మీ లెక్కలో ఉండిపోయింది. ఆ రోజంతా ప్రతి కొలతా 0.04 తక్కువే చూపించారు, అదీ ఎంత ధీమాగా!

మీకంటే ముందు తరం, తెరా బ్యాటరీ లేకుండా గీతలతోనే కొలిచే వెర్నియర్ కాలిపర్ ముసలాయన ఇలా చేసేవాడు కాదు. 1631లో పియరీ వెర్నియర్ అనే ఫ్రెంచాయన చెప్పిన కిటుకు అది, ఎంత సులువో చూడండి. మెయిన్ స్కేల్ పక్కన జారే చిన్న స్కేలు మీద 49 మిల్లీమీటర్ల పొడవుని 50 భాగాలు చేస్తే ఒక్కో భాగం 0.98 వస్తుంది, మెయిన్ స్కేల్ మీది మిల్లీమీటరుకి 0.02 తక్కువ. జారే స్కేలు మీది సున్నా 24 దాటి ఆగి, 48వ గీత పైగీతతో సరిగ్గా కలిసిందంటే 24.96. ఏ గీత కలిసిందో తేల్చుకోవడానికి ఒక కన్ను మూసి, తల అటూ ఇటూ వంచి నానా తంటాలు పడేవాళ్ళం, నిజమే. కానీ దవడలు మూసినప్పుడు రెండు సున్నాలు కలవకపోతే ఆ తేడా ఎదురుగా కనబడేది. జారే స్కేలు సున్నా కుడివైపు జరిగితే ఆ తేడాని కొలతలోంచి తీసెయ్యాలి, ఎడమవైపు జరిగితే కలపాలి. తన లోపాన్ని ఒంటి మీదే రాసుకుని తిరిగే మనిషి. మీకేమో బటన్ ఉంది.

ఇంకో మాట. మీరు 0.01 దాకా చూపిస్తారు సరే, మీ పెట్టెలో వచ్చే కాగితంలో చిన్న అక్షరాలతో ప్లస్ ఆర్ మైనస్ 0.02 అనో 0.03 అనో ఉంటుంది కదా, మరి ఆ చివరి అంకె ఎవరి కోసం? బొటనవేలు కాస్త గట్టిగా నొక్కితే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. నాకు కావలసిన అంకె వచ్చేదాకా నొక్కిన రోజులూ ఉన్నాయి, మీరు ఒక్కసారీ కాదనలేదు. అసలు కొలిచే వస్తువూ స్కేలూ ఒకే గీతలో ఉండాలని ఎర్నెస్ట్ ఆబె అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త 1890లోనే చెప్పాడు. మైక్రోమీటర్ ఆ మాట విన్నది. మీ ఇంట్లో స్కేలు ఒకచోట, దవడల కొసలు ఇంకోచోట. కొసలతో పట్టి నొక్కితే జారే దవడ కొంచెం వాలుతుంది, కొలత మారుతుంది. అందుకే వస్తువుని లోపలికి, స్కేలు దగ్గరగా పట్టుకోమనేది. ఈ ముక్క నాకు సుత్తి పడ్డాక గుర్తొచ్చింది.

లేత్ మీంచి అప్పుడే దించిన వేడి షాఫ్ట్‌ని కొలవడంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. కొలతలకి ప్రామాణికం 20 డిగ్రీల సెల్సియస్. 25 మిల్లీమీటర్ల ఉక్కు 60 డిగ్రీల దగ్గర మిల్లీమీటరులో వందో వంతు పైచిలుకు ఉబ్బుతుంది. అంటే మీ చివరి అంకె మీద ఆ వేడి కూడా ఒక చెయ్యి వేసిందన్నమాట. సన్నటి రంధ్రాల్లో మీ పై దవడలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయన్న గొడవ ఇప్పుడు ఎత్తను.

కానీ మీవల్ల మనుషులు పాడైపోతున్నారండీ! చెక్క పలకని కొలిచి "18.37" అని ఆజ్ఞాపించినట్టు చెబుతున్నారు. రెండు రోజులు ముసురు పడితే ఆ చెక్క ఎంత ఉబ్బుతుందో వాళ్ళకీ తెలుసు, అయినా తెర మీద అంకె కనబడితే నోరు మూతపడుతుంది. నాదీ అదే రోగం అనుకోండి.

ఇది రాస్తుండగానే మీ అంకెలు మినుకుమినుకుమంటున్నాయి. బ్యాటరీ అయిపోతున్నట్టుంది. ఆఫ్ చేసి పెట్టెలో పెట్టినా లోపల ఏదో ఒకటి తాగుతూనే ఉంటారు కదా. కొత్తది వచ్చేదాకా విశ్రాంతి తీసుకోండి. ముసలాయన్ని డ్రాయర్లోంచి తీసి, దవడలు తుడిచి మూసి చూశాను. సున్నాలు కలవలేదు, 0.02 ఎక్కువ. ఆ సంగతి ఆయన డబ్బా మూత మీద పెన్సిల్‌తో రాసి ఉంది, నా రాతే.