పని కోడళ్లది, పెత్తనం మామగారిది: మాలి వలస పల్లెల కథ

మగవాళ్లు వలసపోయిన ఊళ్లలో ఆడవాళ్లే ఇంటి పెద్దలవుతారని, దాంతో వాళ్ల మాటకు విలువ పెరుగుతుందని అభివృద్ధి నివేదికలు తరచూ చెబుతుంటాయి. పశ్చిమ ఆఫ్రికాలోని మాలికి పడమటి కొసన ఉన్న కాయెస్ ప్రాంతాన్ని చూస్తే ఈ మాట అంత తేలిగ్గా నమ్మబుద్ధి కాదు.

ఇక్కడి సొనింకె తెగ కుటుంబాల మగవాళ్లు 1960ల నుంచి పెద్ద సంఖ్యలో ఫ్రాన్స్ వెళ్తున్నారు. మొదట్లో అది వంతులవారీగా సాగేది. అన్న కొన్నేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి తిరిగొస్తే, తమ్ముడు బయల్దేరేవాడు. 1968-73 కరువు పొలాలను ఎండగట్టింది. ఆ వెంటనే 1974లో బయటి దేశాల కార్మికుల వలసను ఫ్రాన్స్ ఆపేసింది. ఒకసారి ఇంటికెళ్తే మళ్లీ రానివ్వరేమోనన్న భయంతో చాలామంది అక్కడే ఉండిపోయారు. తలుపులు మూస్తే వచ్చినవాళ్లు వెళ్లిపోతారనుకున్నారు కాబోలు పారిస్ అధికారులు! రెండు మూడేళ్ల ఎడబాటు కాస్తా ఎన్నో ఇళ్లలో దశాబ్దాలకు సాగింది.

భర్త లేకపోతే భార్య పెద్ద అవ్వాలి కదా? కానీ అక్కడ ఇల్లంటే భార్యాభర్తలు మాత్రమే కాదు. అన్నదమ్ములు, వాళ్ల భార్యాపిల్లలు ఒకే ప్రాంగణంలో, వయసులో పెద్దవాడి కింద ఉంటారు. ఫ్రాన్స్ నుంచి వచ్చే డబ్బు చాలాకాలం ఆ పెద్దాయన చేతికే వెళ్లేది. ధాన్యం కొనడం, పిల్లల పెళ్లిళ్లు, కూలీలను పెట్టడం అన్నీ ఆయన లెక్కలోవే. డబ్బు బాగా వచ్చే ఇంట్లో జొన్న చేలోకి కూలీలు వస్తారు. రాని ఇంట్లో ఆ చాకిరీ కోడళ్ల మీద పడుతుంది. కూర ఖర్చు కోసం కోడలు వేసుకునే వేరుశనగ మడి ఎలాగూ తప్పదు.

చట్టం కూడా పెద్దరికం వైపే నిలబడింది. భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్న నిబంధనను తీసేస్తూ 2009లో మాలి పార్లమెంటు కుటుంబ చట్టాన్ని ఆమోదించింది. మతసంస్థలు వీధుల్లోకి వచ్చాయి. అధ్యక్షుడు అమదూ తుమానీ తూరే దాన్ని వెనక్కి పంపారు. 2011లో వచ్చిన చట్టంలో విధేయత మళ్లీ చేరింది.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ ఇళ్లను దగ్గరగా చూసినవాళ్లకు ఇందులో చాలా సంగతులు తెలిసినవే అనిపిస్తాయి. తేడా కాగితాల దగ్గర వస్తుంది. వీసా సరిగా ఉన్న గల్ఫ్ కార్మికుడు రెండు మూడేళ్లకోసారైనా సెలవు మీద వస్తాడు. కాగితాల్లేకుండా ఫ్రాన్స్‌లో బతికేవాడికి ఆ వీలు ఉండదు.

నా లెక్కలో అసలు కదలిక మొబైల్ మనీతో వచ్చింది. ఆరెంజ్ మనీ లాంటి సేవలతో భర్త కొంత సొమ్ము నేరుగా భార్య ఫోన్‌కే పంపగలుగుతున్నాడు. మందులకో, పిల్లల ఫీజుకో పెద్దాయన దగ్గర చేయి చాచే అవసరం తగ్గుతుంది. అయితే ఆ డబ్బు వచ్చిన సంగతి అత్తగారికి చెప్పాలా, దాచాలా అన్న టెన్షన్ కూడా ఆమెదే. ఇంటి పెద్ద ఎవరని అడిగే సర్వేలో ఇదెక్కడా కనిపించదు.