కాన్‌స్టాన్షియా ఇంట్లో మన తీరం మనుషులు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ శివార్లలో, ద్రాక్షతోటల నడుమ గ్రూట్ కాన్‌స్టాన్షియా అనే పాత డచ్చి ఇల్లు ఉంది. తెల్లని సున్నపు గోడలు, గడ్డి కప్పు. డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున కేప్‌ను ఏలిన సైమన్ వాన్ డెర్ స్టెల్‌కు 1685లో ఈ భూమి దక్కింది. 1778లో క్లూటె కుటుంబం చేతికొచ్చాక ఇక్కడి తియ్యటి వైన్ యూరప్ రాజుల విందులకెక్కింది. సెయింట్ హెలీనాలో బందీగా ఉన్న నెపోలియన్‌కూ చేరింది. 1925లో ఇల్లు కాలిపోతే శ్రద్ధగా పునరుద్ధరించారు. ఇప్పుడది మ్యూజియం.

అయితే ఆ తోటను తవ్వినవారు, పళ్లు కోసినవారు, ఆ ఇంట్లో వండి వడ్డించినవారు బానిసలు. చాలాకాలం సందర్శకులకు కనిపించింది యజమానుల కుర్చీలు, పింగాణీ సామాను మాత్రమే. నేడు అక్కడే బానిసల బతుకు గురించీ చెబుతున్నారు. ఇది సరైన పని. దీనివల్ల ఆ ఇంటి అందం ఏమాత్రం తగ్గలేదు.

ఈ విషయం మనం ఎందుకు రాయాలి? 1658 నుంచి 1808 దాకా కేప్‌కు తెచ్చిన బానిసలు దాదాపు 60 వేలమందని చరిత్రకారుల అంచనా. అందులో సుమారు నాలుగోవంతు మన దేశంవారే: బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి వెళ్లినవారు. సొంత పేరు తీసేసి కొత్త పేరు పెట్టి, పక్కన తెచ్చిన తీరం పేరు తగిలించి దస్త్రాల్లో రాసుకునేవారు. 1834లో బానిసత్వం రద్దయినా, పని నేర్పే నెపంతో మరో నాలుగేళ్లు పాత యజమానుల కిందే ఉంచారు.

కోరమాండల్ తీరంలో మన మచిలీపట్నమూ ఉంది. 1605లోనే డచ్చివారు అక్కడ వర్తకశాల పెట్టారు. వలందులంటే డచ్చివారే; బందరులో వలందపాలెం ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. వాళ్లు కొన్న అద్దకం బట్టల గురించి గొప్పగా చెప్పుకుంటాం. కరువు రోజుల్లో ఈ తీరంలో కొని ఓడలెక్కించిన మనుషుల గురించి మాత్రం మాట్లాడం. బందరులోనూ, భీమిలిలోనూ డచ్చి సమాధుల మీద వర్తకుల పేర్లు చెక్కి ఉన్నాయి. అమ్ముడుపోయినవారి పేర్లు అక్కడ ఏ రాతి మీదా లేవు.

ఆ సమాధుల దగ్గర ఈ కథనూ తెలుగులో రాసి పెట్టాలని పురావస్తు, పర్యాటక శాఖలను కోరుతున్నాం. డచ్ కంపెనీ దస్త్రాలను యునెస్కో 2003లోనే ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ వాటిని ఆన్‌లైన్‌లోనూ ఉంచింది. వాటిని చదవాలంటే పాత డచ్చి భాష రావాలి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు కనీసం కొందరు పరిశోధకులకైనా ఆ భాష నేర్పించాలి. అందుకయ్యే ఫెలోషిప్‌లను రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్‌లోనే కేటాయించాలి.