లట్ బాక్స్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ లట్ బాక్స్ గారికి, సినిమా సెట్‌లో తమ పక్కనే కాపలా కాసే సేవకుడు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఈ మాటకు అసలు అర్థం మీ దగ్గర పనిచేశాకే తెలిసింది. ఇటు కెమెరా కుశలం, అటు మానిటర్ కుశలం, నడుమ పచ్చ దీపం వెలిగించుకుని తమరూ కుశలమే. తెర మీద బొమ్మ మాత్రం లేదు.

మీ ఉద్యోగం మీకే గుర్తు చేయాల్సి రావడం కష్టంగా ఉంది. కెమెరా పంపే లాగ్ చిత్రం, అంటే రంగులు ఇంకా సరిచేయని బొమ్మ, వెలిసిపోయిన చీరలా ఉంటుంది. లాప్‌టాప్‌లో నేను సరిచేసిన రంగులను దానికి అద్ది, అప్పటికప్పుడు మానిటర్‌కు అందించాలి. అంతే కదా! నేను పంపే రంగుల పట్టికనే లట్ అంటారు. అదొక ఘనం, ఒక్కో వైపు 33 బిందువులు, మొత్తం 35,937. మీ తమ్ముడిగారికి, అదే ఇంకో లట్ బాక్స్‌కు, 17 చాలట, అంటే 4,913. మిగతావి ఆయన ఊహించుకుంటారు.

మొన్నటి సంగతి చూడండి. రాత్రి నేను నిద్రపోతుంటే లాప్‌టాప్ తనంతట తానే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకుంది. తెల్లవారేసరికి గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌కు మీరెవరో తెలియదు. డ్రైవర్ మార్చాను, దానికి మీ ఫర్మ్‌వేర్ పాతదైంది. ఫర్మ్‌వేర్ మార్చాను, మీరు కోలుకున్నారు, సాఫ్ట్‌వేర్ పాతదైంది. ఈలోగా లైటింగ్ పూర్తయింది. నటుడు వచ్చి కూర్చున్నారు. యూనిట్ మొత్తం నా వీపునే చూస్తోంది.

ఎట్టకేలకు బొమ్మ వచ్చింది. నల్ల కోటు బూడిద రంగులో వచ్చింది. "కోటు ఎవరైనా ఉతికారా?" అని ఛాయాగ్రాహకుడు చాలా మర్యాదగా అడిగారు. ఆ మర్యాదకే భయం వేసింది. పది బిట్ల సిగ్నల్‌లో తమరు 64ను నలుపనీ 940ను తెలుపనీ పంపుతున్నారు. మానిటరేమో 0 నుంచి 1023 దాకా లెక్కపెడుతోంది. తమరి నలుపు దాని కంటికి బూడిద. నేను పరుగున వెళ్లి మానిటర్‌ను లీగల్‌కు, అంటే మీ 64-940 లెక్కకు, మార్చాను. అదే క్షణంలో నా సహాయకుడు మిమ్మల్ని ఫుల్‌కు, అంటే 0-1023 లెక్కకు, మార్చాడు. ఈసారి కోటు, జుట్టు, వెనకున్న తలుపు అన్నీ కలిసి ఒకటే చీకటి.

బొమ్మను తీగలో మోసే 3 గిగాబిట్ల ఎస్‌డీఐలో లెవెల్ ఏ, లెవెల్ బీ అని సిగ్నల్‌ను సర్దే పద్ధతులు రెండు, ఆ గొడవ ఇక ఎత్తను. ప్లగ్గు ఒకటే, తీగ ఒకటే, జాతకాలు కలవవు.

మీ ముగ్గురి తయారీదారులకూ విడివిడిగా రాశాను. "మా పరికరం సక్రమంగానే పనిచేస్తోంది" అని ముగ్గురూ జవాబిచ్చారు. పరీక్షించి చూశాను, ముగ్గురూ చెప్పింది నిజమే.

ఇట్లు,
తీగలు పీకి మళ్లీ గుచ్చే
తమ విధేయుడు

తా.క.: రేపటి నుంచి ప్రతి షాట్‌కూ సీడీఎల్ విలువలు, అంటే రంగుల సర్దుబాటు అంకెలు, పెన్సిల్‌తో కాగితం మీద రాసుకుంటున్నాను. స్లోప్, ఆఫ్‌సెట్, పవర్ మూడేసి, సాచురేషన్ ఒకటి, మొత్తం పది అంకెలు. జేబులో పడతాయి. పెన్సిల్‌కు డ్రైవర్ అడగలేదు.